విద్యార్థి సమీకరణం, మాస్టారి సమీకరణం ఒకటేనా? కంప్యూటర్ ఎలా తేలుస్తుంది

సంక్షిప్తంగా: ఆన్‌లైన్ గణిత పరీక్షల్లో జవాబును అక్షరం అక్షరం పోల్చే పద్ధతి చాలాచోట్ల పోయింది. ఆ పని ఇప్పుడు బీజగణిత సాఫ్ట్‌వేర్ చేస్తోంది. రెండు సమీకరణాలు ఒకటి కావని చూపడం యంత్రానికి తేలిక, ఒకటేనని రుజువు చేయడం కష్టం. ఈ తేడాను పట్టించుకోనప్పుడే సరైన జవాబుకు సున్నా పడుతోంది. ‘ఒకటే’ అంటే ఏమిటో ముందుగా తేల్చుకోవాల్సింది ప్రశ్న రాసేవారే.

(1, 1), (3, 5) బిందువుల గుండా పోయే సరళరేఖకు సమీకరణం రాయమన్నారనుకుందాం. చరరాశులకు ఇక్కడ క్ష, య అనే అక్షరాలు వాడుకుందాం. ఒక విద్యార్థి య = 2క్ష − 1 అని రాస్తాడు. రెండో విద్యార్థి 2క్ష − య = 1 అంటాడు. బిందువు–వాలు సూత్రం గుర్తున్న అమ్మాయి య − 5 = 2(క్ష − 3) దగ్గరే ఆపేస్తుంది. ఇంకొకరు 4క్ష − 2య − 2 = 0 అని పెడతారు. మరొకరికి ఏమనిపించిందో, క్ష = (య + 1)/2 అని రాస్తారు. అయిదూ ఒకే రేఖ. కాగితం మీద దిద్దే మాస్టారికి అయిదింటికీ టిక్కు పెట్టడానికి అర నిమిషం పట్టదు. ‘జవాబు: య=2క్ష−1’ అని ఒక్క ముక్క దాచుకుని, విద్యార్థి టైపు చేసినదాన్ని దానితో పోల్చే ప్రోగ్రాముకు మాత్రం ఇందులో నాలుగు తప్పులు కనిపిస్తాయి. సమాన గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదిలితే మిగిలిన ఆ ఒక్కదాన్నీ తప్పంటుంది.

చాలాకాలం దీనికి మందు బహుళైచ్ఛిక ప్రశ్నలే. నాలుగు ఎంపికలిచ్చి ఒకటి ఎంచుకోమంటే పోలిక గొడవే ఉండదు. కానీ అక్కడ పరీక్షించేది సమీకరణం రాయగలరా అన్నది కాదు, గుర్తుపట్టగలరా అన్నది. ఎంపికల్లోని విలువలను ఒక్కొక్కటే వెనక్కి ప్రతిక్షేపించి జవాబు పట్టేయడం విద్యార్థులకు వెన్నతో పెట్టిన విద్య.

ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వచ్చింది

గుర్తులతో లెక్క చేసే ప్రోగ్రాములు పరీక్షలు దిద్దడానికి పుట్టలేదు. 1968లో అమెరికాలోని ఎమ్ఐటీలో మొదలైన మ్యాక్సైమా అనే ప్రోగ్రాము, పరిశోధకుల పొడవాటి బీజగణితం కోసం తయారైంది. దాని ఒక రూపాన్ని విలియం షెల్టర్ 1982 నుంచి 2001లో మరణించే దాకా కాపాడుకొచ్చారు. 1998లో దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేయడానికి అనుమతి సంపాదించారు. అదే నేటి మ్యాక్సిమా. 2004లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ సాంగ్విన్ మొదలుపెట్టిన స్టాక్ అనే వ్యవస్థ విద్యార్థుల జవాబులను ఈ మ్యాక్సిమాకే పంపి దిద్దిస్తుంది. మూడుల్ అనే ఆన్‌లైన్ తరగతుల వేదికకు అనుబంధంగా అది చాలా విశ్వవిద్యాలయాల్లో నడుస్తోంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవారికి ఇలాంటి బీజగణితమే చేసే సింపై ఉంది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1990ల మధ్యలో పుట్టిన వెబ్‌వర్క్ అనే దిద్దుబాటు వ్యవస్థ మరో దారి పట్టింది. అది గుర్తులను సూక్ష్మీకరించడం కన్నా, రెండు సూత్రాల్లోనూ అవే అంకెలు పెట్టి ఫలితాలు కలుస్తున్నాయా అని చూడటం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ రెండు దారుల బలాబలాలు తెలిస్తే మిగతా విషయం చాలావరకు తెలిసినట్టే.

సమాసం వేరు, సమీకరణం వేరు

రెండు బీజీయ సమాసాలు ఒకటేనా అని తెలుసుకోవాలంటే ఒకదాన్లోంచి రెండోది తీసేసి సున్నా వచ్చిందా అని చూస్తారు. (క్ష + 1)² లోంచి క్ష² + 2క్ష + 1 తీసేస్తే సున్నా, పని అయిపోయింది. సింపైలో కొత్తగా ప్రోగ్రాము రాసేవారు తరచూ జారే మెట్టు ఇక్కడే ఉంది. అందులో జంట సమాన గుర్తుతో ఈ రెంటినీ పోలిస్తే ‘కాదు’ అని జవాబొస్తుంది. ఆ గుర్తు విలువను అడగదు, రాసిన రూపాన్ని అడుగుతుంది. తేడాను సూక్ష్మీకరించి సున్నాతో పోల్చమని విడిగా చెప్పాలి.

సమీకరణాల దగ్గర ఈ తీసివేత కూడా చాలదు. పై ఉదాహరణనే తీసుకుందాం. అన్నిటినీ ఒకవైపుకు తెస్తే మాస్టారిది 2క్ష − య − 1, నాలుగో విద్యార్థిది 4క్ష − 2య − 2. రెంటి తేడా 2క్ష − య − 1. అది సున్నా కాదు. ‘తేడా సున్నా కావాలి’ అన్న నియమంతో రాసిన ప్రోగ్రాము ఈ విద్యార్థికి మార్కు కోసేస్తుంది. చూడాల్సింది తేడా కాదు, నిష్పత్తి. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే సున్నా కాని స్థిరసంఖ్య మిగిలితే రెండూ ఒకే సమీకరణం. ఇక్కడ 2 మిగులుతుంది. య = 2క్ష − 1ని తిప్పి రాస్తే −1, క్ష = (య + 1)/2కు సగం. సరళరేఖలు, వృత్తాలు, పరావలయాల వంటి మామూలు ప్రశ్నలకు ఈ ఒక్క నియమం హాయిగా సరిపోతుంది.

అది ఎక్కడ తెగుతుందో చూడాలి. 1/క్ష = 2, క్ష = 1/2 అనేవాటికి సాధన ఒక్కటే. ఒకవైపుకు తెచ్చి భాగిస్తే మాత్రం నిష్పత్తిలో క్ష మిగిలిపోతుంది. హారాలు తీసేసి లవాలను మాత్రమే పోల్చాలి, హారం సున్నా అయ్యే విలువలను విడిగా గుర్తుంచుకోవాలి. ఇంకో జత: క్ష³ = 1, క్ష = 1. నిష్పత్తి క్ష² + క్ష + 1. వాస్తవ సంఖ్యల్లో అది ఎన్నడూ సున్నా కాదు కాబట్టి రెండు సమీకరణాల సాధనా ఒకటే. సంకీర్ణ సంఖ్యల్లోకి వెళితే మొదటిదానికి మూడు మూలాలు, రెండోదానికి ఒకటే. మరి విద్యార్థి రాసింది సరైనదా, తప్పా? తరగతిలో సంకీర్ణ సంఖ్యలు మొదలయ్యాయా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది సాఫ్ట్‌వేర్‌కు తెలిసే విషయం కాదు, ఎవరో చెప్పాలి.

(క్ష − 1)² = 0, క్ష − 1 = 0 జత మరీ చిక్కుది. సాధనల సమితి ఒకటే, కానీ మొదటిదానిలో ఆ మూలం రెండుసార్లు వస్తుంది. వర్గ సమీకరణాల పాఠంలో ఆ రెండుసార్లకు విలువ ఉంది, మరోచోట లేదు. సాధనలోని వరుసలను ఒకదాని తర్వాత ఒకటి పోల్చే పరిశీలనలో స్టాక్ ఇలాంటి జతను ‘మూలాలు ఒకటే’ అని వేరే గుర్తుతో చూపిస్తుంది. ఉన్నవాటిలో నిజాయితీగల పరిష్కారం అదే.

సున్నా అవునా కాదా అన్నదే అసలు చిక్కు

బహుపదుల వరకు చిక్కే లేదు. విస్తరించి, పదాలను ఘాతాల క్రమంలో పేరిస్తే ప్రతి బహుపదికీ ఒకే ఒక రూపం వస్తుంది. ఆ రూపాలు కలిస్తే ఒకటే, లేకపోతే కాదు. బహుపదుల భిన్నాలకూ దాదాపు ఇంతే. త్రికోణమితి, లాగ్, వర్గమూలాలు వచ్చి చేరేసరికి ఈ ధీమా సడలుతుంది. సైన్, ఘాతీయ ప్రమేయం, పరమమూల్యం వంటి కొద్ది ప్రమేయాలతో కట్టిన సమాసాలను చేర్చుకుంటేనే, అవి సున్నాకు సమానమా అని ప్రతిసారీ తేల్చగల సార్వత్రిక పద్ధతి ఉండదని డేనియల్ రిచర్డ్‌సన్ 1968లో నిరూపించారు. ఇది ఇంకా కనిపెట్టని పద్ధతి అని కాదు, ఉండటానికే వీల్లేనిది అని.

బడి లెక్కలు ఈ సిద్ధాంతపు అంచుల దాకా వెళ్లేది అరుదు. వాటిలో వచ్చే వైఫల్యాలకు కారణం చాలా మామూలుది: సూక్ష్మీకరణ ఆదేశం అనేది ఒక ఉపాయాల మూట. ఏ ఉపాయం ఎప్పుడు వాడాలో అదే ఊహిస్తుంది, ఒక్కోసారి సరైనది వాడదు. √(3 + 2√2) అన్నా 1 + √2 అన్నా ఒకటే. రెండోదాన్ని వర్గం చేస్తే తేలిపోతుంది. అయినా మూలంలో మూలాన్ని విప్పడానికి సింపైలో విడిగా ఒక ఆదేశం ఉందంటే, ఆ పని దానంతటదే ప్రతిసారీ జరగదని అర్థం.

కాబట్టి ‘సూక్ష్మీకరిస్తే సున్నా రాలేదు’ అన్నది ఒక మాట, ‘సున్నా కాదు’ అన్నది మరో మాట. ఈ సాఫ్ట్‌వేర్‌లకు ఈ తేడా బాగా తెలుసు. రెండు సమాసాలు సమానమా అని మ్యాక్సిమాను నేరుగా అడిగితే అవును, కాదు, తెలియదు అని మూడు రకాల జవాబులు వస్తాయి. సింపైలో సమానత అడిగే ఆదేశమూ అంతే, తేల్చలేకపోతే ఖాళీ విలువ ఇస్తుంది. మార్కుల పట్టికలో మాత్రం రెండే గడులు. ప్రోగ్రాము రాసినవారు తొందరలో ‘అవును కాకపోతే కాదే’ అని ఒక్క వాక్యం రాసేస్తారు, ‘తెలియదు’ కాస్తా ‘తప్పు’ అయిపోతుంది. విద్యార్థి తన జవాబు తప్పనుకుంటాడు, మాస్టారికి ఆ సంగతే తెలియదు.

అంకెలు పెట్టి చూస్తే

రెండో దారి దీన్ని తలకిందులు చేస్తుంది. ఏవో కొన్ని అంకెలు ఎంచుకుని రెండు సూత్రాల్లోనూ పెడతారు. ఒక్కచోట ఫలితాలు స్పష్టంగా విడిపోయినా చాలు, రెండూ వేర్వేరని తేలిపోయినట్టే. ఇక సూక్ష్మీకరణతో పనిలేదు. అన్నిచోట్లా కలిస్తే బహుశా ఒకటే.

ఆ ‘బహుశా’ ఎంత గట్టిదో బహుపదుల విషయంలో లెక్క కట్టొచ్చు. 1970ల చివర్లో డిమిలో–లిప్టన్ జంట, జిపెల్, ష్వార్ట్జ్ అనే పరిశోధకులు విడివిడిగా చేరుకున్న ఫలితం ఇది: సున్నా కాని బహుపదిలో ఒక సమితి నుంచి యాదృచ్ఛికంగా తీసిన విలువలు పెడితే సున్నా వచ్చే అవకాశం, బహుపది పరిమాణాన్ని (ఒక్కో పదంలోని ఘాతాల మొత్తాల్లో అతిపెద్దదాన్ని) ఆ సమితిలోని సంఖ్యల లెక్కతో భాగించినంతకు మించదు. పరిమాణం 10, సమితిలో 10 లక్షల పూర్ణాంకాలు ఉంటే మోసపోయే అవకాశం లక్షలో ఒకటి. మూడుసార్లు విడివిడిగా పరీక్షిస్తే పది కోట్ల కోట్లలో ఒకటి. పరీక్ష దిద్దడానికి ఇంతకన్నా భరోసా అక్కర్లేదు.

బహుపదులు దాటితే పరీక్షించే విలువలు ఎక్కడి నుంచి తీస్తున్నామన్నది ముఖ్యం. టాన్ విలోమానికి క్ష ఇచ్చి వచ్చిన కోణాన్ని, 1/క్ష ఇచ్చి వచ్చిన కోణాన్ని కలిపితే 90 డిగ్రీలు. ఇది క్ష ధనాత్మకమైతేనే. ఋణాత్మకమైతే −90. పరీక్ష అంకెలన్నీ 1 నుంచి 5 లోపే తీస్తే ‘ఎల్లప్పుడూ 90’ అన్న జవాబు పాసైపోతుంది. వెబ్‌వర్క్‌లో పరీక్ష విలువల పరిధిని ప్రశ్న రాసేవారు మార్చుకునే వీలుంది. ఈ సంగతి తెలియక ఉన్న పరిధినే వదిలేస్తే కొన్నిసార్లు తప్పు దాటిపోతుంది, కొన్నిసార్లు వర్గమూలం కింద ఋణ సంఖ్య పడి పరీక్షే ఆగిపోతుంది.

దశాంశాల గుండ్రింపు మరో గొడవ. (1 − కాస్ క్ష)/క్ష² అన్నా 2సైన్²(క్ష/2)/క్ష² అన్నా ఒకటే. క్ష = 0.00000001 అని పెట్టి మామూలు 64 బిట్ల దశాంశ లెక్కతో చూడండి. మొదటిది సున్నా ఇస్తుంది, రెండోది 0.5. ఆ కోణపు కాస్ విలువ 1కి ఎంత దగ్గరంటే కంప్యూటర్ దాన్ని 1గానే గుండ్రిస్తుంది, తీసివేతలో మిగలాల్సిందంతా మాయమవుతుంది. ఇలాంటి చోట నిజంగా ఒకటైనవే వేర్వేరుగా కనిపిస్తాయి. పోనీ కొంత తేడాను సహిద్దామని వెయ్యిలో ఒక వంతు వెసులుబాటు ఇస్తే, క్ష + 0.0001 అని రాసిన జవాబు కూడా క్షగా చెల్లిపోవచ్చు.

అందుకే నిలకడగా పనిచేసే ఏర్పాటు రెంటినీ కలుపుతుంది. ముందు అంకెలు పెట్టి కాదని తేల్చగలవాటిని తేల్చేస్తారు. మిగిలినవాటిని గుర్తులతో రుజువు చేయడానికి చూస్తారు. రుజువూ దొరక్క, తేడా చూపే విలువా దొరకనివి కొన్ని మిగులుతాయి. వాటిని మనిషి చూడాలి. సింపైలోని సమానత ఆదేశం లోపల జరిగేదీ దాదాపు ఇదే.

చెప్పకుండా వదిలేసిన షరతులు

క్ష² కు వర్గమూలం ఎంత? ‘క్ష’ అని చాలామంది విద్యార్థులు రాస్తారు. మ్యాక్సిమా మామూలుగా వాస్తవ సంఖ్యలే అనుకుని క్ష పరమమూల్యం ఇస్తుంది. సింపై క్షను సంకీర్ణ సంఖ్యగా కూడా ఊహించి దాన్ని అలాగే ఉంచేస్తుంది. క్ష వాస్తవమని చెబితే పరమమూల్యం, ధనాత్మకమని చెబితే క్ష ఇస్తుంది. అంటే ఒకే జవాబు ఒకచోట తప్పు, ఒకచోట తేలనిది, ఒకచోట ఒప్పు. ప్రశ్నలో ‘క్ష > 0’ అని ఒక్క ముక్క ఉంటే మూడూ ఒకేలా చెబుతాయి. ఆ ముక్క పాఠంలో అందరికీ తెలిసిందేనని ప్రశ్నలో రాయరు, సాఫ్ట్‌వేర్‌కూ చెప్పరు.

క్ష/క్షను 1గా మార్చడం కూడా ఈ కోవలోదే. దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్‌లూ అడక్కుండానే కొట్టేస్తాయి, క్ష = 0 దగ్గర పడిన కన్నం కనబడకుండా పోతుంది.

సమాకలనుల్లో ఇది బాగా ఇబ్బంది పెడుతుంది. సైన్ క్ష · కాస్ క్షను సమాకలనం చేయమంటే ఒకరికి సైన్²క్ష/2, ఇంకొకరికి −కాస్²క్ష/2, మూడోవారికి −కాస్ 2క్ష/4 వస్తుంది. మొదటి రెంటి తేడా 1/2. సున్నా కాదు, అయినా మూడూ ఒప్పే. ఇక్కడ జవాబులను పోల్చడమే పొరపాటు. విద్యార్థి రాసినదాన్ని అవకలనం చేసి ప్రశ్నలోని ప్రమేయం వచ్చిందా అని చూడాలి. స్టాక్‌లో సమాకలనులకు విడిగా ఒక పరీక్ష పెట్టింది ఇందుకే. స్థిరరాశి రాయడం మరిచారా అన్నదీ అది చూస్తుంది.

ఒకటే అయినా మార్కు రాని జవాబు

క్ష² − 5క్ష + 6ను కారణాంకాలుగా విభజించమన్న ప్రశ్నకు విద్యార్థి క్ష² − 5క్ష + 6 అని తిరిగి టైపు చేశాడనుకుందాం. తుల్యతే కొలమానమైతే పూర్తి మార్కులు! ‘2¹⁰ ఎంత’ అంటే 2¹⁰ అనే రాయొచ్చు. అవకలనం చేయమంటే సాఫ్ట్‌వేర్‌కు అవకలన ఆదేశాన్నే జవాబుగా రాసి పంపొచ్చు. దాన్ని పూర్తిచేసి పెట్టే పని దిద్దే యంత్రమే చేసేస్తుంది. ఈ కిటుకు ఒక్కరికి తెలిస్తే తరగతంతా పాకడానికి గంట చాలు.

అందుకే తుల్యతకు తోడు రూపాన్ని చూసే పరీక్షలు వచ్చాయి. కారణాంకాల రూపంలో ఉందా, ఒకే భిన్నంగా ఉందా, భిన్నం కనిష్ఠ రూపంలో ఉందా అని స్టాక్ వేర్వేరుగా అడగగలదు. కూడికలో, గుణకారంలో పదాల వరుస మారినా ఒప్పుకుంటూ, అంతకుమించి ఏ సూక్ష్మీకరణా చేయకుండా పోల్చే పరీక్ష కూడా ఉంది. దాని ప్రకారం 2 + క్ష, క్ష + 2 ఒకటే. క్ష + క్ష, 2క్ష ఒకటి కావు. పెద్ద తరగతి విద్యార్థికి ఇది చాదస్తంలా కనిపించొచ్చు. పదాలను కలపడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకు నేర్పే పాఠమే అది.

టైపు చేయడం దగ్గరే పోయే మార్కులు

గణితం వచ్చి, టైపింగ్ వ్యాకరణం రాక పోయే మార్కులు తక్కువేమీ కావు. 1/2క్ష అంటే సగం క్షనా, 2క్ష హారంలో ఉన్న భిన్నమా? పుస్తకాల్లో రెండు వాడుకలూ ఉన్నాయి, చాలా సాఫ్ట్‌వేర్‌లకు మొదటిదే అర్థమవుతుంది. అక్షరం పక్కన బ్రాకెట్టు వస్తే గుణకారమా, ప్రమేయమా? క్ష(త + 1) చూడటానికి రెండూ కావచ్చు. స్టాక్ ఈ సమస్యకు ఒక అడుగు ముందే అడ్డుకట్ట వేస్తుంది. టైపు చేసినది తనకు ఎలా అర్థమైందో పుస్తకంలో అచ్చయ్యే తీరులో చూపి, సరిచూసుకోమంటుంది. అర్థం కాని వ్యాకరణాన్ని తప్పు జవాబుగా లెక్కించదు.

సొంతంగా ఇలాంటి దిద్దుబాటు ప్రోగ్రాము రాసుకునే అధ్యాపకులు ఒక ప్రమాదం గుర్తుంచుకోవాలి. సింపైలో టైపు చేసిన పాఠ్యాన్ని సమాసంగా మార్చే సులువైన ఆదేశం లోపల పైథాన్ కోడ్‌ను నడిపిస్తుంది. నమ్మకం లేని పాఠ్యాన్ని దానికి ఇవ్వొద్దని ఆ సాఫ్ట్‌వేర్ పత్రాలే హెచ్చరిస్తున్నాయి. విద్యార్థి జవాబు పెట్టెలో పడేది సరిగ్గా అలాంటి పాఠ్యమే. కొంటెతనం ఇంకో రకంగానూ రావొచ్చు. 9 పై 9, దాని మీద ఇంకో 9 ఘాతంగా పెడితే వచ్చే సంఖ్యలో దాదాపు 37 కోట్ల అంకెలుంటాయి. కొన్ని గుర్తులు టైపు చేసి సర్వర్‌ను కూలబెట్టొచ్చు. అనుమతించిన గుర్తుల జాబితా, ప్రతి జవాబుకూ సమయ పరిమితి లేకుండా ఈ పనికి దిగకూడదు.

చివరి జవాబు కాదు, మధ్య వరుసలు

ఇటీవలి ఆసక్తి అంతా ఇటు మళ్లింది. √క్ష = క్ష − 2 సాధించమంటే విద్యార్థి వర్గం చేసి క్ష² − 5క్ష + 4 = 0 రాసి, క్ష = 1 లేదా 4 అంటాడు. 1 పెడితే ఎడమవైపు 1, కుడివైపు −1. అది చెల్లదు. తప్పు చివరి వరుసలో లేదు, వర్గం చేసిన వరుసలో చేరింది. పక్కపక్క వరుసలను జతలుగా పోల్చితే, ఇక్కడ సమీకరణం తుల్యంగా లేదు, పై వరుస నుంచి కింది వరుస వస్తుంది గానీ కింది దాన్నుంచి పైది రాదు అని చూపొచ్చు. క్ష² = క్షను క్షతో భాగించి క్ష = 1 అన్నప్పుడు జరిగేది దీనికి విరుద్ధం: సున్నా అనే మూలం జారిపోతుంది. స్టాక్‌లో ఇలా వరుసల వారీగా తుల్యతను చూసే సదుపాయం ఉంది. మాస్టారు ఎర్ర పెన్నుతో చేసే పనికి ఇది బాగా దగ్గర.

సమీకరణాల వ్యవస్థ అయితే జతగా పోల్చడం కుదరదు. క్ష + య = 5, క్ష − య = 1 అన్నా, క్ష = 3, య = 2 అన్నా ఒకటే, కానీ వీటిలో ఏ ఒక్క సమీకరణమూ అవతలి ఏ ఒక్కదానితోనూ కలవదు. రేఖీయ వ్యవస్థలకు మాత్రికల పద్ధతి ఉంది. బహుపదుల వ్యవస్థలకు బ్రూనో బుక్‌బర్గర్ 1965లో ఇచ్చిన గ్రాబ్నర్ ఆధారాల పద్ధతి వాడతారు. ఇది ఒక వ్యవస్థను దానికి ప్రామాణికమైన బహుపదుల జాబితాగా మారుస్తుంది. పదాల క్రమం ఒకసారి నిర్ణయించాక, రెండు వ్యవస్థలనూ కుదించిన గ్రాబ్నర్ ఆధారంగా మారిస్తే పోలిక సూటిగా తేలిపోతుంది. మూలం ఎన్నిసార్లు వచ్చిందన్న పాత చిక్కు మాత్రం ఇక్కడా వెంట వస్తుంది.

ఇక మారేదేమిటి

కృత్రిమ మేధ భాషా మోడళ్ల గణిత సామర్థ్యాన్ని కొలిచేటప్పుడు కూడా జవాబుల పోలికకు సింపై వంటివే వాడుతున్నారు. పిల్లల పేపర్లలో వచ్చిన చిక్కులన్నీ అక్కడా అలాగే వస్తున్నాయి. తుల్యమైన రూపాన్ని పోలిక గుర్తించకపోతే సరైన జవాబు తప్పుల లెక్కలో చేరి స్కోరు తగ్గుతుంది.

ప్రశ్న రాసేవారి పని ఈ మార్పులో తగ్గలేదు, రూపు మారింది. ఒక ప్రశ్నకు ఒక జవాబు రాసిపెడితే చాలదు. ఏ పరీక్షతో పోల్చాలి, చరరాశి వాస్తవమా ధనాత్మకమా, ఏ రూపం కావాలి అన్నవి చెప్పాలి. ఎదురుకాగల ఒప్పు జవాబులు, తప్పు జవాబులు కొన్ని ముందే నింపి ప్రశ్న సరిగ్గా దిద్దుతోందా అని చూసుకోవాలి. స్టాక్‌లో ఇందుకు ఏర్పాటు ఉంది, కానీ బద్ధకించేవారిని అది బలవంతపెట్టదు. సూక్ష్మీకరించిన రూపం కాకుండా విద్యార్థి టైపు చేసిన పాఠాన్ని ఉన్నదున్నట్టు దాచి ఉంచడం అన్నిటికన్నా అవసరం. అది ఉంటే పరీక్ష అయిన వారం తర్వాత, చెల్లాల్సిన రూపమొకటి చెల్లలేదని ఎవరో చూపినప్పుడు నియమం సవరించి తరగతి మొత్తానికీ మళ్లీ దిద్దించవచ్చు. కాగితాల కట్టతో ఈ పని ఎవరూ తలపెట్టరు.